మనకెందుకొచ్చిన గొడవ

ఆ డ్రమ్ములు ఎవరికీ కనబడలేదా?

2023 నవంబర్ 13, సోమవారం. దీపావళి మర్నాటి పొద్దున. నాంపల్లి బజార్‌ఘాట్‌లో నాలుగంతస్తుల అపార్ట్‌మెంటు. పైన సంసారాలు, కింద కెమికల్ డ్రమ్ములు. కింద కారు రిపేరు చేస్తుంటే నిప్పురవ్వలు లేచి డ్రమ్ములకు అంటుకున్నాయన్నారు. మనుషులు దిగాల్సిన మెట్ల మీదుగానే పొగ పైకెక్కింది. 9 మంది చనిపోయారు.

డ్రమ్మంటే జేబులో దాచుకుని తెచ్చేది కాదు. ట్రాలీ ఆటోలో వస్తుంది. గల్లీలో ఆటో ఆగితే వెనక బండ్లు ఆగుతాయి, హారన్లు కొడతారు. ఇద్దరు మనుషులు దింపి లోపలికి దొర్లిస్తారు. దొర్లిస్తే చప్పుడవుతుంది. మూత తీస్తే వాసనొస్తుంది.

ఇన్నిటి మధ్య మీరెక్కడున్నారు?

పోయినవాళ్లను నిలదీయడం లేదు. కిరాయికి ఉంటూ ఓనరు ముందు నోరెత్తలేని వాళ్లనూ కాదు. మిమ్మల్ని అడుగుతున్నా. అలాంటి గల్లీలోంచి రోజూ బండి మీద పోతూ, ముక్కుకు కర్చీఫ్ అడ్డం పెట్టుకుని యాక్సిలరేటర్ తిప్పే మిమ్మల్ని. పక్క బిల్డింగు బాల్కనీలో కాఫీ తాగుతూ "ఏదో తగలబెడుతున్నట్టుంది" అని కిటికీ మూసుకునే మిమ్మల్ని. మీ కిటికీ మూసుకుంటే వాసన పోయింది. డ్రమ్ములు పోయాయా?

ఆ రోజు ఏం చేశారో తెలుసు. వీడియో చూశారు. కిటికీలోంచి నిచ్చెన మీద పాపను దింపుతుంటే కళ్ల నీళ్లు పెట్టుకున్నారు. నాలుగు గ్రూపుల్లో పంపారు. చేతులు జోడించిన బొమ్మ పెట్టారు. మంత్రులొచ్చారు, తలకు 5 లక్షలు ప్రకటించారు. తనిఖీలన్నారు. మీరు ఆఫీసుకు వెళ్లారు.

మీ బిల్డింగు కింద ఏముందో ఆ సాయంత్రమైనా దిగి చూశారా?

చూడలేదు. ఎందుకు చూడలేదో కూడా తెలుసు. కింద షట్టరు ఎవరికో కిరాయికిచ్చారు. అతను నెలనెలా మెయింటెనెన్స్ కడుతున్నాడు. లోపల ఏం పెట్టుకుంటే మనకెందుకు?

ఒక సంగతి చెప్తాను, కొంచెం చల్లగా వినండి. మన రాష్ట్రంలో 18 మీటర్లకు తక్కువ ఎత్తున్న నివాస భవనాలకు అగ్నిమాపక శాఖ ఎన్‌ఓసీ నియమం వర్తించదు. నాంపల్లి, అబిడ్స్ గల్లీల్లోని నాలుగంతస్తుల ఇళ్లు చాలామటుకు ఆ ఎత్తులోపే. అంటే మీ మెట్లు ఎంత వెడల్పున్నాయో, టెర్రస్ తలుపుకు తాళముందో లేదో, కింద డ్రమ్ములున్నాయో డబ్బాలున్నాయో చూడ్డానికి ఎన్‌ఓసీ పేరు మీద ఏ ఆఫీసరూ మీ ఇంటికి రాడు. చట్టం మిమ్మల్ని మీ ఇరుగుపొరుగుకు వదిలేసింది. ఆ ఇరుగుపొరుగు మీరే.

మరి మీరు ఎవరికి వదిలేశారు?

బజార్‌ఘాట్ మొదటిదా? 2022 మార్చి, భోయిగూడ తుక్కు గోదాం. బీహార్ నుంచి కూలికొచ్చిన 11 మంది. అదే ఏడాది సెప్టెంబర్, సికింద్రాబాద్. కింద ఎలక్ట్రిక్ బైకుల షోరూం, పైన హోటల్. 8 మంది. 2023 మార్చి, స్వప్నలోక్ కాంప్లెక్స్. ఆరుగురు. ఆ తర్వాతే నవంబర్లో బజార్‌ఘాట్. 2024 అక్టోబర్ 27 ఆదివారం రాత్రి బొగ్గులకుంటలో పటాకుల దుకాణం అంటుకుంది. కొనడానికొచ్చిన జనం ఒకరినొకరు తోసుకుంటూ పరుగెత్తారు, బయట పెట్టిన బండ్లు కాలిపోయాయి. ఆ రాత్రి ప్రాణాలు పోలేదు కాబట్టి మీకు గుర్తు లేదు. 2025 మే 18, గుల్జార్ హౌజ్. ఒకే కుటుంబం. 17 మంది. అందులో 8 మంది పిల్లలు.

ప్రతిసారీ "అయ్యో" అన్నారు. ప్రతిసారీ నిజంగానే అన్నారు. అదే నాకు మంట.

మీరు రాతిగుండె మనుషులైతే ఇంత రాయను. మీరు మంచివాళ్లు! అబద్ధమాడరు. అప్పు ఎగ్గొట్టరు. ఏటా తిరుపతి హుండీలో మొక్కు చెల్లిస్తారు, రంజాన్‌లో జకాత్ లెక్క పైసాతో సహా తీస్తారు. పిల్లలకు సుమతీ శతకం నేర్పించే యాప్‌కు చందా కడతారు. పెద్దలొస్తే లేచి నిలబడమంటారు, అన్నం పారేస్తే కోప్పడతారు. ఇంట్లో మీకున్నన్ని విలువలు ఏ పాఠ్యపుస్తకంలోనూ లేవు.

గడప దాటాక అవి ఎక్కడికి పోతాయి?

చెప్పులేసుకునేటప్పుడు లోపలే విప్పి పెడతారా?

మీ అబ్బాయి నాంపల్లి స్టేషన్ ముందు అడిగాడు కదా, "నాన్నా, ఆ తాత ఎండలో ఎందుకు పడుకున్నాడు?" అని. మీరు చేయి పట్టి లాగారు. "తాగి పడిపోయుంటాడు, పద." వాడికి ఆ రోజు మీరు ఒక విలువ నేర్పారు. శతకం యాప్ ఏడాది పొడుగునా నేర్పలేనిది ఒక్క లాగుడుతో నేర్పారు. రేపు మీరు రోడ్డు మీద చెమటలు పట్టి కూలబడితే, ఎవరి అబ్బాయో ఎవరి చేయో పట్టుకుని అలాగే దాటిపోతాడు.

మీరు చూసీ చూడనట్టు దాటిపోయినవి ఒక్క గుక్కలో చెప్తాను, వినే ఓపికుంటే వినండి: పార్కింగ్ అని ప్లానులో చూపించి గోదాముగా మార్చిన సెల్లార్లు, మెట్ల కింద కరెంటు మీటర్ల బోర్డుకు ఆనించి పేర్చిన అట్టపెట్టెలు, దొంగల భయమని తాళమేసి తాళంచెవి ఎవరి దగ్గరుందో ఎవరికీ తెలియని టెర్రస్ తలుపులు, ట్రాన్స్‌ఫార్మర్ కంచెకు తాడు కట్టి ఆరేసిన బట్టలు, దుకాణం సామాను ఫుట్‌పాత్ అంతా పరుచుకుంటే రోడ్డు మధ్యలో బస్సుల పక్కన నడిచే స్కూలు పిల్లలు, మూత పోయిన మ్యాన్‌హోల్లో ఎవరో పుణ్యాత్ముడు గుచ్చిన చెట్టుకొమ్మ, ఆ కొమ్మ ఎండిపోయినా అక్కడే ఉండటం, నాలా మీద స్లాబు వేసి దాని మీద రోడ్డు వేసి రోడ్డు మీద కూరగాయల బండ్లు పెట్టి 2022 డిసెంబర్ 23న గోషామహల్ చాక్నావాడిలో అదంతా కార్లతో సహా కుంగిపోతే "అమ్మయ్య, ఎవరూ చావలేదు" అని టీవీ కట్టేయడం, 2025 సెప్టెంబర్ వానలో అఫ్జల్‌సాగర్ నాలాలో మామా అల్లుళ్లు కొట్టుకుపోతే "నాలా పక్కన ఇల్లెందుకు కట్టుకోవాలి" అని వాళ్లనే తప్పు పట్టడం, నిలోఫర్ ఆస్పత్రి బయట జిల్లాల నుంచి పిల్లల్ని ఎత్తుకొచ్చి ఫుట్‌పాత్ మీద అట్టముక్క పరుచుకుని పడుకున్న తల్లులు, రెడ్‌హిల్స్ క్యాన్సర్ ఆస్పత్రి ముందు సీసాలో నీళ్లయిపోయి అటూ ఇటూ చూసే ముసలాయన, యూసుఫైన్ దర్గా దారిలో చేయి చాపినవాళ్ల మొహం చూడకుండా నాణెం విసరడం, చాయ్ హోటల్లో మీ టేబుల్ తుడిచిన పన్నెండేళ్ల పిల్లాడు, వాడికి మీరిచ్చిన పది రూపాయల టిప్పు, కోర్టు గేటు దగ్గర ఏ కిటికీకి వెళ్లాలో తెలియక కాగితం పట్టుకుని నిలబడ్డ పల్లెటూరి ఆడమనిషి, పబ్లిక్ గార్డెన్స్‌లో ఒక్కతే నడుస్తున్న అమ్మాయి వెనక ఈల వేస్తూ నడిచే ముగ్గురు, వాళ్లకు చోటిచ్చి పక్కకు తప్పుకున్న మీరు, అంబులెన్సుకు దారిస్తున్నట్టే ఇచ్చి దాని వెనకాలే దూరే మీ కారు, మున్సిపాలిటీ బండి రాకముందే చీకట్లో చౌరస్తాలో వదిలేసి వచ్చిన మీ చెత్త కవరు, పొద్దున్నే ఆ కవరును వట్టి చేతుల్తో విప్పే ఆమె పేరు ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా మీరు అడగకపోవడం.

ఊపిరి తీసుకోండి.

ఇందులో మీకు తెలియనిది ఒక్కటైనా ఉందా?

తెలియక చేసిందాన్ని పొరపాటు అంటాం. ఇంత తెలిసి ఊరుకున్నదాన్ని ఏమనాలి?

"ప్రభుత్వం ఏం చేస్తోంది?" అంటారు. ఇదొకటి నేర్చుకున్నారు. మంచి ప్రశ్నే. కానీ అడిగేది ఎవరిని? మీ ఇంటి వాచ్‌మన్‌నా?

నాంపల్లి చుట్టుపక్కల ఏమేం ఉన్నాయో చూడండి. అసెంబ్లీ. గాంధీభవన్. బీజేపీ రాష్ట్ర ఆఫీసు. పబ్లిక్ సర్వీస్ కమిషన్. క్రిమినల్ కోర్టులు. హజ్ హౌస్. రాష్ట్రాన్ని నడిపేవాళ్లూ నడపాలనుకునేవాళ్లూ ఇంత దగ్గరదగ్గరగా కూర్చున్న చోటు తెలంగాణలో ఇంకెక్కడుంది? కరీంనగర్ రైతు తన గోడు చెప్పుకోవాలంటే గంటల తరబడి ప్రయాణం చేసి ఇక్కడికే రావాలి. మీకు చెప్పులేసుకుంటే చాలు. ఆ గేట్లలో ఏ ఒక్కదాని ముందైనా, ఎప్పుడైనా, మీ గల్లీ కోసం నిలబడ్డారా?

సరే, నిలబడటం కష్టం. వేలికి చుక్క పెట్టించుకోవడానికేమైంది?

2009 గ్రేటర్ ఎన్నికల్లో పోలింగ్ 42.04 శాతం. 2016లో 45.29. 2020 డిసెంబర్ 1న 46.55. కార్పొరేషన్ ఎన్నికలు ఇవి. మీ మోరీ, మీ దీపం, మీ చెత్త, మీ బిల్డింగు పర్మిషన్ చూసేవాళ్లను ఎన్నుకునే ఎన్నికలు. మూడుసార్లూ సగం కంటే ఎక్కువ మంది ఇంట్లో కూర్చున్నారు. 2023 అసెంబ్లీ ఎన్నికల్లో మునుగోడులో 91.89 శాతం ఓట్లేస్తే ఇదే హైదరాబాదులో యాకుత్‌పురా 39.64 దగ్గర ఆగిపోయింది. మునుగోడులో మోకాళ్ల నొప్పులు లేవా? అక్కడ ఎండ కాయదా? అక్కడివాళ్లకు రాజకీయ నాయకుల మీద మీకంటే నమ్మకమెక్కువా?

డబ్బులు పంచారు కాబట్టి వేశారంటారా? బాగుంది. వాళ్లు ఓటు అమ్ముకున్నారని మీ ఆక్షేపణ. మీరు ఉచితంగా పారేశారు.

లాంగ్ వీకెండ్ వచ్చిందని ఊరెళ్లారు. జాబితాలో పేరు లేదన్నారు, ఉందో లేదో ముందురోజు దాకా చూసుకోలేదు. "అందరూ దొంగలే" అన్నారు. దొంగలని తెలిసీ తాళంచెవి బయట పెట్టి పడుకున్నారు. 2020లో గెలిచిన మీ కార్పొరేటర్ పేరు చెప్పండి చూద్దాం. 2023 జూన్‌లో గ్రేటర్‌లో వార్డు ఆఫీసులు తెరిచారు. మీ వార్డు ఆఫీసు ఏ గల్లీలో పెట్టారో మీకు తెలుసా? పోనీ, అబిడ్స్‌లో కొత్తగా తెరిచిన మండీ హోటల్ ఏ గల్లీలో ఉంది? అదైతే పార్కింగుతో సహా చెప్తారు.

ఆదివారం అబిడ్స్ రండి. దుకాణాల షట్టర్లు దించి ఉంటాయి, ఫుట్‌పాతంతా పాత పుస్తకాలు. ఈ నగరంలో నాకింకా ప్రేమ మిగిలిన చోట్లలో అదొకటి. అక్కడ పోటీ పరీక్షల గైడ్లు కుప్పలుగా ఉంటాయి, అన్నిట్లో ప్రాథమిక విధుల పాఠముంటుంది. 51ఎ అధికరణం. 1976లో 42వ సవరణతో చేర్చారు, 2002లో పదకొండోది కలిపారు. సోదరభావం పెంపొందించాలి, ప్రజల ఆస్తిని కాపాడాలి. పిల్లలు వాటిని వరుసతో సహా బట్టీ పడతారు. ఒక మార్కు కోసం. పరీక్ష రాసి బయటికొచ్చి, తాగిన నీళ్ల సీసా అక్కడే రోడ్డు మీద పడేస్తారు. వాళ్లననడానికి నోరు రాదు. వాళ్లు చూసి నేర్చుకున్నది మిమ్మల్ని.

రోడ్డు మీద దెబ్బ తగిలి పడ్డవాణ్ని ఆస్పత్రికి తీసుకెళ్తే పోలీసులు సతాయిస్తారని ఎన్నేళ్లు చెప్పుకున్నారు మీరు? సాక్ష్యమంటారు, కోర్టుల చుట్టూ తిప్పుతారు. నిజమే, అప్పట్లో ఆ భయానికి కారణముంది. 2016 మార్చిలో సుప్రీంకోర్టు ఆ భయం తీసేసింది. 2019లో మోటారు వాహనాల చట్టంలో 134ఎ సెక్షన్ పెట్టారు. సాయపడిన మనిషి మీద కేసుండదు, పేరు చెప్పమని బలవంతపెట్టకూడదు. అయినా మీరు కదల్లేదు. చివరికి కేంద్రం 2025లో బహుమతి 25 వేలు చేసింది. పక్కన రక్తం కారుతున్న మనిషిని గంటలోపు ఆస్పత్రిలో చేర్చినందుకు పాతిక వేలు!

మనుషుల్ని మనుషులుగా ఉండమని ప్రభుత్వం డబ్బిచ్చి బతిమాలుతోంది. సిగ్గుగా లేదా?

ఇక మీ దగ్గరున్న పెద్ద సాకు. "బయటివాళ్లొచ్చి ఊరు పాడుచేశారండీ, ఇదివరకు ఇలా ఉండేది కాదు."

అబిడ్స్ అనే పేరు ఎవరిది? ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ కొలువులో ఉన్న ఆల్బర్ట్ అబిద్‌ది. అతను ఆర్మీనియన్. ఇక్కడ దుకాణం పెట్టాడు, పేరు నిలిచిపోయింది. ఎక్కడో కొండల దేశంవాడి పేరు రోజూ అడ్రసులో రాసుకుంటూ బయటివాళ్లంటారా? మీ నాన్న ఏ ఊరినుంచి వచ్చాడు? మీ తాత? భోయిగూడలో కాలిపోయిన ఆ 11 మంది కూడా బయటివాళ్లే. మీ తుక్కును వేరు చేసింది వాళ్లే.

ఇంకొకావిడ. ఆమెదీ ఈ ఊరు కాదు, ఈ దేశమూ కాదు. నిలోఫర్. ఏడో నిజాం కోడలు. భర్త పేరు మార్కెట్‌కు పెట్టారు, మొజంజాహీ మార్కెట్, మీరు ఐస్‌క్రీం తినేది అక్కడే. ఆమె పేరు రెడ్‌హిల్స్‌లో ఆస్పత్రికుంది. ఎందుకుందో తెలుసా? దగ్గరుండి సేవ చేసిన పనిమనిషి పురిట్లో చనిపోయింది. అంతే. ఆ రోజుల్లో పురిట్లో పోయే ఆడవాళ్లకు లెక్కేది? రాజమహల్లో ఉన్న మనిషి "పాపం" అని ఇంకో పనిమనిషిని పెట్టుకోవచ్చు. ఆమె ఊరుకోలేదు. ఆస్పత్రి కావాలని పట్టుబట్టింది. 1953 నాటికి అది లేచింది. ఇవాళ ఎన్ని జిల్లాల పిల్లలు ఆ గేటులోంచి లోపలికెళ్తున్నారో మీరే చూస్తున్నారు, దాని ముందు ట్రాఫిక్ జామ్ అయిందని తిట్టుకుంటూ.

మీ పనిమనిషికి ఒంట్లో బాగా లేకపోతే ఆ నెల జీతం కోశారా లేదా? నిజం చెప్పండి.

రాణులకేం, డబ్బుంది అంటారు. డబ్బు లేనివాళ్ల సంగతి చెప్పనా? 1906లో భాగ్యరెడ్డి వర్మ జగన్మిత్ర మండలి పెట్టారు. దళిత కుటుంబంలో పుట్టి, చిన్నతనంలో ఇళ్లలో పనిచేసి పెరిగిన మనిషి. ఊళ్లో ఏ బడీ చేర్చుకోని పిల్లలకు ఇసామియా బజార్‌లో బడి తెరిచారు. ఆయనకు ఓటు లేదు. చట్టం లేదు. టోల్‌ఫ్రీ నంబరు లేదు. చుట్టూ ఉన్నవాళ్లు ఆయన్ను ముట్టుకోవడానికే ఇష్టపడని రోజులు. అలాంటి ఊరిని పట్టుకుని ఆయన నా ఊరు అనుకున్నారు. అన్నీ ఉన్న మీరు దీన్ని అద్దె గదిలా వాడుకుంటున్నారు.

నుమాయిష్‌కి వెళ్తారు కదా ఏటా, కుటుంబ సమేతంగా? 1938లో ఉస్మానియాలో చదువుకున్న కుర్రాళ్లు మొదలుపెట్టిందది. ఆ రాబడితో కాలేజీలు నడుస్తున్నాయి. 2019 జనవరి 30 రాత్రి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో వందలాది స్టాళ్లు తగలబడ్డాయి. కాశ్మీర్ నుంచి, లక్నో నుంచి సరుకు తెచ్చుకున్నవాళ్లు కట్టుబట్టలతో మిగిలారు. అప్పుడు ఒక వకీలు, ఒక్క మనిషి, హైకోర్టుకు వెళ్లారు. ఇన్నేళ్లుగా నడుస్తున్న ఎగ్జిబిషన్‌కు మంటలార్పే ఏర్పాట్లేవి అని అడిగారు. అప్పటిదాకా ఆ గేట్లోంచి లోపలికెళ్లిన లక్షలాది మందిలో ఎవరికీ ఆ ప్రశ్న రాలేదా? మీకు వచ్చిన ప్రశ్న మిర్చీ బజ్జీ ఎంత అన్నది.

అడిగితే ఏమవుతుందో తెలుసా అంటారు. తెలుసు. ఫిర్యాదు చేసిన మీ పేరు సాయంత్రానికల్లా ఓనరు చెవిలో పడుతుంది. పొద్దున లిఫ్టులో ఆయన మొహం తిప్పుకుంటాడు. కిరాయివాళ్లయితే ఖాళీ చేయమంటాడు. పిల్లల స్కూలు ఇక్కడే, అడ్వాన్సు ఆయన దగ్గరే, ఇంకో ఇల్లు దొరకదు. ఆ భయం నాకర్థమవుతుంది. వాళ్ల జోలికి నేను పోను. నాలా పొంగిన రాత్రి నడుముల్లోతు నీళ్లలో దిగి పక్కింటి ముసలమ్మను భుజం మీద మోసుకొచ్చేది వాళ్లే. రోడ్డు మీద పడ్డవాణ్ని ఆటోలో వేసుకుపోయేది ఆ ఆటో అతనే, కిరాయి ఎవరిస్తారని చూడకుండా. రెక్కాడితే గానీ డొక్కాడనివాడికి తీరికుంది. మీకు లేదు.

మీ భయం మాత్రం నాకు అంతుపట్టదు. సొంత ఫ్లాటు. నెల మొదటి తారీఖున జీతం పడే ఉద్యోగం. చదువు, ఇంగ్లిష్, ఫోన్లో ఇద్దరు ముగ్గురు ఆఫీసర్ల నంబర్లు. అడిగితే మీరు పోగొట్టుకునేదేంటి? లిఫ్టులో ఒక నమస్కారం.

ఆ ఒక్క నమస్కారం కోసం తొమ్మిది ప్రాణాలు తాకట్టు పెడతారా?

అసోసియేషన్ మీటింగులు పెట్టుకుంటారు కదా, నెలకోసారి. ఏం మాట్లాడతారు? పెయింటు రంగు. పార్కింగులో గీత ఎవరు దాటారు. పనివాళ్లు లిఫ్టు వాడొచ్చా, మెట్లెక్కాలా. రెండు గంటలు గొంతులు చించుకుంటారు. అంటే మీకు కోపం రాదని కాదు, పౌరుషం లేదని కాదు. మీ కారుకు గీత పడితే వచ్చే కోపం, గల్లీ చివర్న మ్యాన్‌హోల్ నోరు తెరుచుకునుంటే ఎందుకు రాదు?

మీ గీత దాకానే మీ ఊరు.

ఎంత అవమానం జరిగితే మీరు లేస్తారు? ఒక పాత లెక్క చెప్తాను.

1921 నవంబర్. అబిడ్స్ నుంచి నడిచి వెళ్లేంత దూరంలో, వివేకవర్ధిని థియేటర్. నిజాం రాష్ట్ర సంఘ సంస్కరణ సభ. అధ్యక్షుడు మహర్షి కార్వే అంతటివాడు. ఇంగ్లిష్‌లో మాట్లాడారు, ఉర్దూలో మాట్లాడారు, మరాఠీలో మాట్లాడారు, సభ విన్నది. ఆలంపల్లి వెంకటరామారావు అనే వకీలు లేచి తెలుగులో మొదలుపెట్టాడు. నవ్వారు. అల్లరి చేశారు. మాట పూర్తి కానివ్వలేదు. గమనించారా, అది సంఘ సంస్కరణ సభ. మంచివాళ్లు కూడిన సభ. విలువల గురించి మాట్లాడుకోవడానికే వచ్చారందరూ.

ఆ హాల్లో ఉన్న తెలుగువాళ్లు ఏం చేయాలి? మీరైతే ఏం చేసేవారో నాకు తెలుసు. "పోనీలెండి, మనకెందుకు, ఇంటికెళ్దాం." పాపం వెంకటరామారావు అని రెండు రోజులు చెప్పుకునేవారు.

వాళ్లు ఇళ్లకు వెళ్లలేదు. టేకుమాల రంగారావు ఇంటికి వెళ్లారు. మాడపాటి హనుమంతరావు ఉన్నారు, బూర్గుల రామకృష్ణారావు ఉన్నారు. ఆ రాత్రే ఆంధ్రజన సంఘం పెట్టారు. అవమానం జరిగింది ఒక్కడికి, ఒక్క పూట. దాన్ని పట్టుకుని వాళ్లు గ్రంథాలయాలకు వెళ్లారు, బడులకు వెళ్లారు, పల్లెల్లో వెట్టి చాకిరీ మీద కరపత్రాలకు వెళ్లారు. 1928లో నారాయణగూడలో ఆడపిల్లలకు తెలుగు హైస్కూలు దాకా వెళ్లారు మాడపాటి. 1930లో జోగిపేటలో, సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన, అది ఆంధ్రమహాసభ అయింది. నిజాం రాజ్యంలో సభ పెట్టుకోవాలంటే కూడా అనుమతి కావాల్సిన కాలమది. కొలువులు పోతాయని, జైలుకు పోతామని తెలియనంత అమాయకులు కారు వాళ్లు. సగంమంది వకీళ్లే.

ఒక మనిషి మాటను నవ్వులపాలు చేస్తే వాళ్లు తట్టుకోలేకపోయారు. మీరు కాలిపోయిన మనుషుల్ని తట్టుకుంటున్నారు. తట్టుకుని, టిఫిన్ చేసి, ఆఫీసుకు వెళ్తున్నారు.

"ఒక్కణ్ని నేనేం చేయగలను?" అంటారు ఇప్పుడు. ఎదురుచూస్తూనే ఉన్నా ఆ మాట కోసం.

టేకుమాల రంగారావు ఇంట్లో ఆ రాత్రి కూర్చున్నది ఓ డజను మంది.

మీ అపార్ట్‌మెంటులో ఎన్ని ఫ్లాట్లున్నాయి?